మీకు తెలుసా? పెట్టెలో ఖాళీ గుంట

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని ఎందుకంటారని అడిగితే కడప జిల్లాలో చిన్నపిల్లలు కూడా బంగారు అంగళ్ల వైపు చెయ్యి చూపిస్తారు. ఆ నగలు చేసిన పనిముట్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. తాతలనాటి త్రాసు, కమ్మచ్చు, అచ్చులు, తూకం రాళ్లు పాత ఇనుప సామాన్ల అంగడికి కిలోల లెక్కన పోతూనే ఉన్నాయి. వాటిని ఏరి దాచుకునే పిచ్చి ఉన్నవాళ్లు మన మధ్యనా ఉన్నారు. ఈసారి సంగతులు వాళ్లకోసం.

పాత పనిముట్లు పోగు చేయడం పెద్ద విద్య కాదు, ఓపికా కాస్త డబ్బూ ఉంటే చాలు. సెట్టు పూర్తి చేయడం దగ్గరే అసలు పని మొదలవుతుంది. తూకం రాళ్ల చెక్కపెట్టెలో ప్రతి రాయికీ దాని కొలతకు తొలిచిన గుంట ఉంటుంది. అందులో ఏ గుంట ఖాళీగా ఉందో, ఎందుకు ఖాళీ అయిందో కనుక్కోవడం నా దృష్టిలో ఉన్న రాళ్లను లెక్కపెట్టుకోవడం కన్నా ముఖ్యం.

రూపాయే తూకం రాయి

బ్రిటిష్ కాలపు వెండి రూపాయి తూకం ఒక తులం. 180 గ్రెయిన్లు, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. రూపాయినీ తులాన్నీ ఇలా ఒకే తూకానికి ముడిపెట్టింది 1833 నాటి కంపెనీ చట్టం. దాంతో అరగని రూపాయి చేతిలో ఉంటే వేరే తులం రాయితో పని లేకపోయింది. పాత పెట్టెలో తులం రాయి కనబడలేదని దిగులుపడే ముందు, అడుగున విక్టోరియా బొమ్మ రూపాయి ఏమన్నా ఉందేమో చూడండి. ఉంటే మీ సెట్టులో లోటేమీ లేదు.

ఇప్పుడు అంగట్లో తులం అంటే 10 గ్రాములే. నాన్నమ్మ తన పెళ్లికి పెట్టారని చెప్పే పది తులాలకూ, ఇవాళ రసీదు మీద రాసే పది తులాలకూ 16 గ్రాములకు పైనే తేడా. పాత నగలు పంచుకునేటప్పుడు అన్నదమ్ములు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇది.

14 రాళ్లతో చాణక్యుడి సెట్టు

అర్థశాస్త్రంలో బంగారం తూచే రాళ్ల జాబితా ఒకటుంది. ఐదు గురిగింజల ఎత్తు ఒక మాషకం, పదహారు మాషకాలు ఒక సువర్ణం. రాళ్లేమో అర మాషకం, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది మాషకాలు. ఆపైన ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పది, ఇరవై, ముప్పై, నలభై, నూరు సువర్ణాలు. మొత్తం 14.

ఇందులో తెలివి చూడండి. 1, 2, 4, 8 ఉంటే ఒకటి నుంచి పదిహేను దాకా ఏ అంకెనైనా తూచవచ్చు. పదహారోది ఎలాగూ సువర్ణం. ఏ రాయీ రెండుసార్లు అక్కర్లేదు. కానీ ఎనిమిది పోయిందంటే ఏడు దగ్గరే ఆగిపోతారు. పదుల లెక్క పాటించే మెట్రిక్ రాళ్ల సంగతి వేరు. అక్కడ 1, 2, 5తో పాటు ఇంకో 2 ఉంటేనే తొమ్మిది దాకా తూగుతుంది. పెట్టెలో ఒకే తూకం రాళ్లు రెండు కనబడితే ఒకటి ఎక్కడి నుంచో వచ్చి కలిసిందనుకుని తీసి పక్కన పెట్టేయకండి.

రాళ్లను దేనితో చేయాలో కూడా చాణక్యుడు చెప్పాడు: ఇనుముతోనో, మగధ, మేకల ప్రాంతాల రాతితోనో. తడికి, వేడికి తూకం మారని వస్తువు అయితే చాలునట.

వీశె ఎక్కడికి పోయింది?

కడప జిల్లా 1800లో కంపెనీ చేతికొచ్చాక మద్రాసు లెక్కలే ఇక్కడా నడిచాయి. మూడు తులాలు ఒక పలం. ఐదు పలాలు ఏబులం, పది పలాలు పదలం, ఇరవై అర వీశె, నలభై వీశె. ఎనిమిది వీశెలు మణుగు. ఒక వీశె అంటే మన 1.4 కిలోలు. బెల్లమైనా, చింతపండైనా ఈ మాటలతోనే కొన్నారు.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూకాలు అమలులోకి రావడం మొదలై, 1962 ఏప్రిల్ నాటికి పాతవి వ్యాపారంలో పనికిరాకుండా పోయాయి. చెల్లని రాయి అంగట్లో ఉంటే అధికారి అడుగుతాడు. బయట పారేస్తే ఉత్త ఇనుము. కొలిమికి ఎక్కువ ఇనుమిచ్చేది పెద్దరాయే కాబట్టి వీశె కరిగిపోవడంలో వింతేముంది? పలం, ఏబులం లాంటి బుడ్డరాళ్లు పిల్లల ఆటల్లోనో, తలుపు కిందనో బతికిపోతాయి.

ఇనుప రాయి దొరికితే తిరగేసి చూడండి. గుంటలో సీసం పోసి ఉంటుంది. తూకం సరిచేసేదీ, అధికారి ముద్ర కొట్టేదీ ఆ సీసం మీదే. మెట్రిక్ రాళ్ల మీది ముద్రలో సంవత్సరం చివరి రెండంకెలూ, ఏ మూడు నెలల్లో పరీక్షించారో చెప్పే ఇంగ్లీషు అక్షరమూ ఉంటాయి. ఒకే ఏడాది ముద్రలున్న రాళ్లు ఒకే అంగడివి కావచ్చు. అందుకే ఇత్తడి రాళ్లను చింతపండుతో తళతళా తోమకండి. పులుపు మురికితో పాటు లోహాన్నీ కాస్త తింటుంది, ముద్ర చెరిగిపోతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఇనుమైతే పైన పలచగా నూనె.

మూడు మూలలు, నాలుగు, ఐదు

మిల్లీగ్రాముల రేకులకు ఆకారాన్ని బట్టే గుర్తు. అంతర్జాతీయ ప్రమాణంలో 1, 10, 100 మిల్లీగ్రాములవి త్రిభుజం, 2, 20, 200వి చతురస్రం, 5, 50, 500వి పంచభుజి. ఒక మూల పైకి వంచి ఉండేది చిమటాతో పట్టుకోవడానికే, చేత్తో పట్టుకుంటే చెమట కూడా తూకంలోకి వచ్చేస్తుంది. పాత పెట్టెల్లో ముందుగా మాయమయ్యేవి ఇవే. ఫ్యాను గాలి చాలు.

కమ్మచ్చును చదవడం

స్వర్ణకారుల పనిముట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కమ్మచ్చు. చూడటానికి ఏముంది? జానెడు ఉక్కు పలక, వరసలు వరసలుగా రంధ్రాలు. ఒక్కో రంధ్రం ముందుదాని కన్నా వెంట్రుకవాసి సన్నం. పలకకు ఒకవైపు వెడల్పుగా మొదలై రెండోవైపుకు ఇరుకవుతుంది. బంగారు కడ్డీ కొసను ఆకురాయితో సూదిగా అరగదీసి, వెడల్పు వైపు నుంచి దూర్చి, ఇటువైపు పట్టకారుతో బిగించి లాగుతారు. తర్వాత పక్క రంధ్రం, ఆ తర్వాత దాని పక్కది. నాలుగైదు లాగుళ్లకు తీగ బిరుసెక్కుతుంది. కుంపటిలో కాస్త కాల్చి మెత్తబరచి మళ్లీ మొదలు. బంగారం సాగే గుణం ఎంతటిదంటే ఒక్క గ్రాము నుంచి రెండు కిలోమీటర్ల తీగ తీయవచ్చని పదో తరగతి సైన్సు పుస్తకంలోనే ఉంది.

లాగీ లాగీ రంధ్రం సాగిపోతుంది. అప్పుడు కమ్మచ్చును పారేయరు. ఇరుకు వైపున రంధ్రం చుట్టూ సుత్తితో కొట్టి మూసి, సన్నటి మొనతో మళ్లీ తెరుస్తారు. పాత కమ్మచ్చును వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే కొన్ని రంధ్రాల చుట్టూ సుత్తి దెబ్బల వలయాలు కనబడతాయి, కొన్నిటి చుట్టూ ఏమీ ఉండదు. ఎక్కువ దెబ్బలు తిన్న రంధ్రమే ఎక్కువ పనిచేసింది. ఆ పట్టెడలో ఏ మందం తీగకు గిరాకీ ఉండేదో, అంటే ఆ ఇంటివాళ్లు ఏ రకం గొలుసులు ఎక్కువ చేసేవారో ఆ పలకే చెబుతుంది. కొత్తగా మెరిసే కమ్మచ్చు కన్నా ఈ దెబ్బలు తిన్నదానికి రెట్టింపు ఇచ్చినా నష్టం లేదని నా లెక్క.

అచ్చులకు పట్టిన గతి

దక్షిణాది స్వర్ణకారులు వాడిన కంచు, ఇత్తడి అచ్చుదిమ్మెల మీద ఆరు ముఖాలా బొమ్మలుంటాయి: పువ్వు, ఆకు, మామిడి పిందె, గుండు. పలచటి బంగారు రేకును గుంట మీద పెట్టి, సరిపోయే మొనతో నొక్కితే బొమ్మ పడుతుంది. గుండ్ల దండకు అరగుండ్లు ఇలాగే తీసి రెండేసి అతికిస్తారు. గుంటలు చిన్న నుంచి పెద్దకు వరసగా ఉంటాయి. ప్రతి గుంటకూ దాని కొలతకు సరిపోయే మొన ఉండాలి. దిమ్మె ఒకరి దగ్గర, మొనలు ఇంకొకరి దగ్గర ఉంటే ఇద్దరి దగ్గరా ఏమీ లేనట్టే.

ఇప్పుడు ఈ దిమ్మెలు పాత వస్తువుల మార్కెట్‌లో బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే బరువులుగా అమ్ముడుపోతున్నాయి, విదేశాలకు కూడా. అందంగా ఉంటాయి కదా! మొనలకు ఆ అందం లేదు, తుక్కులో పోతాయి. సెట్టును విడగొట్టేది కాలం ఒక్కటే కాదు, అందం చూసి కొనేవాళ్లు కూడా.

దాగలి కింది చెక్కదిమ్మెలు, పాత పనిబల్లలు దొరక్కపోవడానికి ఇంకో కారణం. ఏళ్ల తరబడి రాలిన బంగారు పొడి చెక్క సందుల్లో చేరుతుంది. దాన్ని కాల్చి బూడిదలోంచి బంగారం తీయడం ఈ వృత్తిలో ప్రపంచమంతటా ఉన్న అలవాటే. చెక్కకన్నా బూడిదకే విలువెక్కువ.

1963 జనవరి

స్వర్ణకారుల సెట్లు ఎందుకు చెదిరిపోయాయంటే యంత్రాలొచ్చాయి అంటారు అందరూ. అంతకన్నా ముందు ఇంకో దెబ్బ ఉంది. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా ఉండగా బంగారు నియంత్రణ వచ్చింది. 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగ చేయకూడదు. 14 క్యారెట్లంటే నూటికి 58 పాళ్ల బంగారం. 22 క్యారెట్లకు, అంటే దాదాపు 92 పాళ్లకు అలవాటుపడ్డ మన జనం ఆ నగను ముట్టుకుంటారా? దేశవ్యాప్తంగా లక్షలాది స్వర్ణకారులకు పని పోయింది. నిరసనలు జరిగాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 14 క్యారెట్ల నిబంధన కొన్నాళ్లకు ఎత్తేసినా, 1968లో ఏకంగా బంగారు నియంత్రణ చట్టమే వచ్చింది. సర్టిఫికెట్లు, లైసెన్సులు, లెక్కల పుస్తకాలు. దాన్ని రద్దు చేసింది 1990లో.

అంటే 27 ఏళ్లు. ఒక తరం కొడుకులకు పని నేర్పించే వయసు మొత్తం అందులోనే గడిచిపోయింది. తాత పట్టకారు మనవడి చేతికి ఎందుకు రాలేదని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది 1963, 1990 అనే ఈ రెండు సంవత్సరాలే.

పెసరరంగు గీటురాయి

గీటురాయి నల్లగా ఉండాలని అనుకుంటాం. అర్థశాస్త్రం మెచ్చుకున్న వాటిలో కళింగ దేశపు పెసరరంగు రాయి ఉంది! పాత గీటురాళ్లు కొనేటప్పుడు రంగుకన్నా నునుపు చూడండి.

సెట్టు అంటే ఏమిటి?

అమెరికాలో పాత పనిముట్లు సేకరించేవాళ్లకు స్టాన్లీ కంపెనీ చిత్రికలంటే ప్రాణం. 1869లో ఆ కంపెనీ లెనార్డ్ బెయిలీ పేటెంట్లు కొని చేయడం మొదలుపెట్టిన వరసలో 1 నుంచి 8 దాకా నంబర్లున్నాయి. ఎనిమిదోది 24 అంగుళాలు, ఒకటోది అయిదున్నర అంగుళాలు. ఒకటోది ఎంత చిన్నదంటే పెద్దగా పనికిరాదు, అందుకే అప్పట్లో ఎక్కువమంది కొనలేదు, అందుకే ఇప్పుడు దొరకదు. అసలైనది వెయ్యి డాలర్లు దాటి పలుకుతుంది.

మన దగ్గర ఈ నంబర్ల ఆట కుదరదు. పాతకాలపు మన వడ్రంగులు చిత్రిక చెక్కను తమ చేతికి తగ్గట్టు తామే చేసుకునేవారు, లోపలి బ్లేడు మాత్రం కొనేవారు. బాడిస, ఉలులు, కొడతి, రంపం, మూలమట్టం, విల్లుతో తిప్పే బరమా... ఇవన్నీ ఒక మనిషి చేతి కొలతకు, ఒక మనిషి అలవాటుకు అమరినవి. నాలుగు ఊళ్లలో నాలుగు మంచి ముక్కలు ఏరి ఒక పెట్టెలో పేర్చితే అది సెట్టు అనిపించుకోదు. ఒక్క వడ్రంగి పెట్టె, సగం విరిగినవాటితో సహా, ఉన్నదున్నట్టు దొరికితే అదీ సెట్టు. బరమాకు విల్లు లేకపోతే కొత్తది చేయించి పెట్టండి, తప్పులేదు. కొత్తదని చీటీ రాసి కట్టండి.

చీటీ విలువ తెలిసిన మనిషి హెన్రీ మెర్సర్. పెన్సిల్వేనియాలో పురాతత్వం మీద పనిచేస్తూ, రాతియుగపు వస్తువులు తవ్వితీసిన ఆయన 1897లో పాత పొయ్యి సామాన్ల కోసం ఒక తుక్కు వ్యాపారి దగ్గరికి వెళ్లాడు. అక్కడ గుట్టగా పడి ఉన్న పనిముట్లు చూసి, తాను భూమిలో వెతుకుతున్నదే ఇక్కడ పైన పడి ఉందని గ్రహించాడు. అప్పటినుంచి సేకరణే పని. 1916 నాటికి డోయిల్స్‌టౌన్‌లో కాంక్రీటుతో ఆయన కట్టించిన మ్యూజియంలో వృత్తుల వారీగా అమర్చిన వేల పనిముట్లు ఇప్పటికీ ఉన్నాయి. తిమింగలాల వేటకు వాడిన పడవను పైకప్పు నుంచి వేలాడదీశాడు!

పులివెందుల రాయి

పాత పనిముట్లంటే ఎంత పాతవి? భూగర్భ శాస్త్రవేత్తలు కడప శిలల పొరలకు పెట్టిన పేర్లలో పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్, వేంపల్లె, నార్జి సున్నపురాయి ఉన్నాయి. వాళ్లలో ఒకడైన విలియం కింగ్ 1872లో అచ్చయిన తన గ్రంథంలో ఒక శిలావర్గానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. క్వార్ట్‌జైట్ గట్టిది, కొడితే పదునైన అంచుతో పగులుతుంది. దక్షిణాదిన ఆదిమానవుడు చేతిగొడ్డలికి ఎంచుకున్నది ఎక్కువగా ఈ జాతి రాయినే.

ఆ సంగతి మొదట పట్టుకున్నవాడు కింగ్ సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర గుంటలో ఒక చేతిగొడ్డలి ఏరుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఫుట్, కింగ్ కలిసి అత్తిరంపాక్కంలో మరికొన్ని చూశారు. ఆ చోటులోని పనిముట్ల వయసు 15 లక్షల ఏళ్లని 2011లో తేల్చారు. ఫుట్ జీవితమంతా ఏరుతూనే ఉన్నాడు. దక్షిణాది జిల్లాల నుంచి పోగుచేసినదంతా 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. ఆయన 1912లో పోయాక, 1914లో ఆ సేకరణ జాబితా పుస్తకంగా వచ్చింది. ఏ రాయి ఏ చోట దొరికిందో అందులో ఉంది కాబట్టే వందేళ్ల తర్వాత కూడా పరిశోధకులు దాన్ని తెరుస్తున్నారు.

రాతి పనిముట్లలోనూ సెట్టు పూర్తిచేసే ఆట ఉంది. గొడ్డలి చెక్కిన చోట చెల్లాచెదరుగా పడ్డ పెచ్చులన్నీ ఏరి, ఏది ఎక్కడ ఊడిందో చూసుకుంటూ తిరిగి ఒకదానికొకటి అమరుస్తారు పురాతత్వవేత్తలు. అన్నీ అమరితే మొదటి గుండురాయి మళ్లీ తయారవుతుంది. మధ్యలో ఖాళీ మిగిలిందంటే గొడ్డలి చేసినవాడు దాన్ని పట్టుకుపోయాడన్నమాట. మిగిలిన పెచ్చుల్ని బట్టి, పోయిన గొడ్డలి ఆకారం చెప్పేయొచ్చు.

పొట్టి ఉలే అసలైన ఉలి

జమ్మలమడుగు వైపు నాపబండలు తీసేవాళ్ల ఉలులు కొనాలనుకుంటే నిడుపాటివి వెతక్కండి. మొన మొద్దుబారినప్పుడల్లా కొలిమిలో కాల్చి సాగగొట్టి పదును పెడతారు, ప్రతిసారీ ఉలి కాస్త తరుగుతుంది. పైకొస సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. పొడుగ్గా, తీరుగా ఉన్నదంటే అది పనిచేయలేదని అర్థం.

గొర్రుకు జడ్డిగం

పులివెందుల మెట్ట చేలల్లో విత్తనం వేసిన గొర్రు ఇప్పుడు ట్రాక్టరు వెనక్కి వెళ్లింది. పాత కర్ర గొర్రు పూర్తి సెట్టుగా దొరకడం కష్టం. పైన గింజలు పోసే జడ్డిగం, దాని బొక్కల్లోంచి ఒక్కో పంటి వెనక్కి దిగే వెదురు గొట్టాలు, కట్టే తాళ్లు. కంది, అలసంద లాంటి రెండో పంట గింజకు వేరే గొట్టం. జడ్డిగం గట్టి కొయ్య, ముచ్చటగా ఉంటుంది కాబట్టి షోకేసుల్లో కనబడుతుంది. వెదురు చెదలకు పోతుంది. గొర్రును చూసి 18వ శతాబ్దం చివర థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు అధికారి ఆశ్చర్యపోతూ లేఖ రాశాడు. సాళ్లలో విత్తే పనిముట్టు యూరప్ కొత్తగా కనిపెట్టిందని అప్పటిదాకా ఆయన నమ్మకం. ఆ లేఖను 1971లో చరిత్రకారుడు ధరంపాల్ తన పుస్తకంలో చేర్చి మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

కొనే ముందు చట్టం

చారిత్రక విలువ ఉండి నూరేళ్లు నిండిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. పాతకాలపు వృత్తులను, కళలను తెలిపే వస్తువులూ ఆ కిందికే వస్తాయి. ఇంట్లో దాచుకోవచ్చు, కానీ అలాంటివి కొని అమ్మడమే వ్యాపారంగా పెట్టుకుంటే లైసెన్సు కావాలి. దేశం దాటించడం ప్రభుత్వానికో, ప్రభుత్వం అనుమతించిన సంస్థకో తప్ప ఎవరికీ కుదరదు. అమెరికాలో ఉన్న కొడుక్కి తాత కమ్మచ్చు సూట్‌కేసులో పంపేముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది.

చేను దున్నుతుంటేనో, పాత గోడ పునాది తవ్వుతుంటేనో బయటపడినదానికి ఇంకో చట్టం, 1878 నాటిది. భూమిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయల హద్దు చట్టంలో ఇప్పటికీ మారలేదు.